దైవాస్తిత్వ జ్ఞానం: హైదరాబాదు పాతబస్తీలో ప్రమాణాల వివాదం

దేవుడు ఉన్నాడా అన్నది ఒక ప్రశ్న. ఉన్నాడో లేడో మనిషికి ఎన్నటికైనా తెలిసే వీలుందా అన్నది మరో ప్రశ్న. మొదటిది ఉనికిని గురించినది, రెండోది జ్ఞానాన్ని గురించినది. మొదటిదానికి అవునని, కాదని గట్టిగా జవాబు చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి వాళ్లలోనే చీలికలు వస్తాయి. దేవుణ్ణి నమ్మి కూడా ఆయన ఉనికిని తర్కంతో నిరూపించలేమన్న ఆచార్యులు ఉన్నారు. వేదాన్ని ప్రమాణంగా పట్టుకుని సృష్టికర్తను కాదన్న మీమాంసకులూ ఉన్నారు.

ఈ రెండో ప్రశ్న భారతీయ దర్శనాల్లోనూ, ఇస్లామీయ మతతర్కమైన ‘ఇల్మె కలాం’లోనూ ఒకే రూపంలో ముందుకు వస్తుంది. ఒక సంగతి మనకు తెలిసిందనడానికి ఆధారాలు ఏవి? కంటితో చూడటమా, ఊహించి తేల్చడమా, నమ్మదగినవారి మాటా, లోపలి అనుభవమా? ఈ ఆధారాలకు మన శాస్త్రాల్లో ప్రమాణాలని పేరు. దైవం తెలుస్తుందా అన్నదానికి ఎవరు ఏ జవాబు చెప్పినా, దాని వెనక వారు ఒప్పుకున్న ప్రమాణాల పట్టిక ఉంటుంది. ఆ పట్టిక తెలిస్తే జవాబు చాలావరకు ముందే ఊహించవచ్చు.

హైదరాబాదు పాతబస్తీ ఈ వివాదాన్ని దగ్గరగా చూడటానికి అనువైన చోటు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ చుట్టూ, కాలినడకన తిరగగలిగినంత మేరలో, మక్కా మసీదు, శిబ్లీగంజ్‌లోని జామియా నిజామియా మదర్సా, దారుల్‌షిఫా వైపు షియాల ఆషుర్‌ఖానాలు, శాలిబండ అక్కన్న మాదన్న గుడి, లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి ఆలయం ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో ప్రమాణానికి పెద్దపీట వేస్తుంది.

గ్రంథాల ఊరు

కుతుబ్ షాహీల కాలం నుంచే ఇక్కడ తత్త్వవిచారానికి చోటుంది. కులీ కుతుబ్ షా దగ్గర పేష్వాగా (ప్రధానమంత్రిగా) ఉన్న మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి వచ్చిన పండితుడు. ఆయన సమాధి ఉన్న దాయిరా మీర్ మోమిన్ శ్మశానవాటిక పాతబస్తీలోనే ఉంది. ఇరాన్ తత్త్వవేత్త మీర్ దామాద్ శిష్యుడైన హకీం నిజాముద్దీన్ అహ్మద్ గీలానీ అబ్దుల్లా కుతుబ్ షా ఆస్థానంలో వైద్యుడిగా పనిచేశాడు.

అసఫ్ జాహీల చివరి దశలో ఈ విచారం సంస్థల రూపం తీసుకుంది. మౌలానా అన్వరుల్లా ఫారూఖీ 1876లో జామియా నిజామియాను స్థాపించారు. ఆయన ఆరో నిజాముకూ, ఏడో నిజాముకూ గురువు. నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూంలతో కలిసి 1888లో దాయిరతుల్ మఆరిఫ్ అన్న ప్రచురణ సంస్థకు పునాది వేసినవారిలో కూడా ఆయన ఒకరు. అరబ్బీ రాతప్రతులను సరిచూసి అచ్చువేయడం దాని పని. అల్ ఫారాబీ చిన్న గ్రంథాలు, ఫఖ్రుద్దీన్ రాజీ ‘అల్ మబాహిస్ అల్ మష్రిఖియ్యా’, అబుల్ బరకాత్ బాగ్దాదీ ‘కితాబ్ అల్ ముఅతబర్’, 1947లో తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్ రచనల సంపుటి, 1948లో సూఫీ ఇబ్న్ అరబీ రచనల సంపుటి ఇక్కడే అచ్చయ్యాయి. దేవుని ఉనికిని తర్కంతో నిరూపించవచ్చన్నవారి పుస్తకాలూ, తర్కం అంత దూరం పోలేదన్నవారి పుస్తకాలూ ఒకే సంస్థ నుంచి వెలువడటం ఆ సంపాదకుల నిష్పాక్షికతకు గుర్తు. అరబ్బీ తత్త్వశాస్త్రం మీద పనిచేసే ప్రపంచ పండితులు ఈనాటికీ హైదరాబాదు ప్రతులను పేర్కొంటూ ఉంటారు. తెలుగు పాఠకుల్లో మాత్రం ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

ఇస్లామీయ పండితుడు శిబ్లీ నూమానీ 1901 నుంచి 1905 వరకు హైదరాబాదు కొలువులో ఉన్నారు. ‘ఇల్ముల్ కలాం’, ‘అల్ కలాం’ అన్న ఉర్దూ గ్రంథాలు ఆయన అప్పుడే రాశారు. ఐరోపా విజ్ఞానం ముందు పాత వాదాలు నిలుస్తాయా అన్నది వాటిలో ఆయన తీసుకున్న సమస్య. 1917లో ఏర్పడిన ఉస్మానియా అనువాద విభాగం (దారుల్ తర్జుమా) పాశ్చాత్య తత్త్వశాస్త్రాన్ని ఉర్దూలోకి తెచ్చింది. దాంతో ఐరోపా తత్త్వవేత్తలు హ్యూమ్, కాంట్ లేవనెత్తిన అభ్యంతరాలు స్థానిక విద్యార్థులకు వాళ్ల చదువుభాషలోనే అందాయి.

ఊహించి తేల్చడం: కుండ, కుమ్మరి

దైవాన్ని అనుమాన ప్రమాణంతో నిరూపించే వాదాలన్నిటిలోకీ తెలుగువారికి దగ్గరిది అన్నంభట్టు చెప్పినది. పదిహేడో శతాబ్దపు ఈ తెలుగు పండితుడి ‘తర్కసంగ్రహం’ సంస్కృత పాఠశాలల్లో తర్కానికి తొలి పాఠ్యగ్రంథం. కాశీకి పోయినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు కాలేడన్న సామెత పండితుల్లో ఉంది. పుస్తకం చిన్నదైనా పట్టు పెద్దదని దాన్నిబట్టే తెలుస్తుంది.

తన గ్రంథానికి తానే రాసుకున్న ‘దీపిక’ వ్యాఖ్యలో ఆయన ముందు ప్రతిపక్షాన్ని నిలబెడతాడు. ఈశ్వరుడికి రూపం లేదు కాబట్టి కళ్లకు అందడు. సుఖదుఃఖాల్లాగా మనస్సుకూ అందడు. ఇక ఆయన ఉన్నాడనడానికి ప్రమాణం ఏది? అన్నంభట్టు జవాబు న్యాయదర్శనం వారు తరతరాలుగా చెబుతూ వచ్చినదే. కుండ తయారైన వస్తువు కాబట్టి దానికి కుమ్మరి ఉన్నాడు. మొలక కూడా కొత్తగా పుట్టుకొచ్చిన వస్తువే కాబట్టి దానికీ ఒక కర్త ఉండాలి. మొలకను పుట్టించే జ్ఞానం, సంకల్పం మనుషులకు లేవు కాబట్టి ఆ కర్త ఈశ్వరుడు. పది, పదకొండు శతాబ్దాల నాటి ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’లో ఈ వాదాన్ని అనేక శాఖలుగా విస్తరించాడు.

దీనికి అతి బలమైన ఖండన నాస్తికుల నుంచి రాలేదు. రామానుజాచార్యుడు ‘శ్రీభాష్యం’ మొదట్లోనే ఈ అనుమానాన్ని విడగొట్టి చూపాడు. లోకం కార్యమే అనుకుందాం. దానికి కర్త ఒక్కడే అని ఎలా తెలుసు? వేర్వేరు భాగాలను వేర్వేరు కాలాల్లో వేర్వేరు కర్తలు చేసి ఉండవచ్చు కదా. కుమ్మరికి దేహముంది, ఈశ్వరుడికి ఉందా? పోలిక పూర్తిగా పట్టుకుంటే పరిమితుడైన దేవుడు వస్తాడు, పట్టుకోకపోతే వాదమే నిలవదు. పాతబస్తీలో దీనికి కళ్లెదుట ఉదాహరణ మక్కా మసీదే. సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా కాలంలో, పదిహేడో శతాబ్దపు రెండో దశకంలో పునాది పడింది. పాలకులు మారారు, రాజవంశమే మారింది. చివరికి, గోల్కొండను జయించిన ఔరంగజేబు పాలనలో, 1694లో కట్టడం పూర్తయింది. ఈ చరిత్ర తెలియనివాడు మసీదును చూసి కట్టించినవాడు ఒక్కడే అనుకుంటే పొరబడతాడు. స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ మతం మీద రాసిన పుస్తకం 1779లో, ఆయన పోయాక అచ్చయింది. అందులో ఆయన ఇదే అభ్యంతరాన్ని దాదాపు ఇదే రూపంలో చెప్పాడు. రామానుజుడికీ హ్యూమ్‌కూ మధ్య ఆరు వందల ఏళ్లకు పైగా దూరం ఉంది. చేరిన చోటులో తేడా ఇంకా పెద్దది. హ్యూమ్ సందేహంలో ఆగాడు. రామానుజుడు మాత్రం, తర్కం చాలదు కాబట్టే శాస్త్రం ఒక్కటే ఈశ్వరుణ్ణి తెలిపే ప్రమాణమని తేల్చాడు. శ్రీవైష్ణవ సంప్రదాయం ఈ తీర్పు మీదే నిలిచింది.

ఇస్లామీయ తత్త్వవేత్త ఇబ్న్ సీనా పట్టిన దారి వేరు. ఆయన కుండనూ కుమ్మరినీ ఆశ్రయించలేదు. ఉన్న ప్రతి వస్తువూ ఉండవచ్చు, లేకపోనూవచ్చు అన్న స్వభావం కలదైతే, అలాంటివన్నీ కలిసి కూడా తమ ఉనికికి తామే కారణం కాలేవు. తప్పనిసరిగా ఉండి తీరవలసినది ఒకటి ఉండాలి. దీన్ని ‘వాజిబుల్ వుజూద్’ అన్నారు. కర్త ఒక్కడా పదిమందా అన్న అభ్యంతరం ఈ వాదాన్ని అంత తేలిగ్గా తాకదు. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1781లో దీని మూలాన్నే ప్రశ్నించాడు. కార్యకారణ సంబంధం మన అనుభవ ప్రపంచంలో వస్తువులను కలిపే సూత్రం. అనుభవాన్ని దాటి దాన్ని లాగితే అది పనిచేస్తుందన్న హామీ ఎక్కడిది? అంతకు చాలాముందే, 1095 ప్రాంతంలో, కలాం పండితుడు గజాలీ ‘తహాఫుత్ అల్ ఫలాసిఫా’లో తత్త్వవేత్తల నిరూపణలు నిరూపణలే కావని వాదించాడు. ఇబ్న్ రుష్ద్ దానికి ఖండన రాశాడు. ఈ తగవు ఎనిమిది వందల ఏళ్లు దాటినా తీరలేదు.

నమ్మదగిన మాట

జ్ఞానం గురించి మదర్సాల్లో తరతరాలుగా చదివే గ్రంథాల్లో ముఖ్యమైనది నసఫీ అఖీదా (విశ్వాస సూత్రాల గ్రంథం), దాని మీద తఫ్తాజానీ రాసిన వ్యాఖ్య. 1142లో మరణించిన నసఫీ తన మత సిద్ధాంతాన్ని దేవుడితో మొదలుపెట్టకపోవడం గమనించదగ్గది. వస్తువులకు యథార్థం ఉంది, దాన్ని తెలుసుకోవచ్చు అన్నది ఆయన మొదటి మాట. ఆ తర్వాత తెలుసుకునే దారులు మూడని చెబుతాడు: లోపం లేని ఇంద్రియాలు, సత్యమైన వార్త, బుద్ధి. ప్రత్యక్షం, శబ్దం, అనుమానం అన్న మన పట్టికను దీని పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే అచ్చులా కనిపిస్తాయి. ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారన్న ఊహకు పోవలసిన పని లేదు. జ్ఞానం గురించి క్రమంగా ఆలోచించినవారు ఎక్కడున్నా ఈ మూడింటి దగ్గరికి రావడం సహజమే.

వార్త అనే ప్రమాణం ఎలా పనిచేస్తుందో పాతబస్తీ ప్రతి రంజాన్‌కూ చూస్తుంది. నెలవంక కనిపించిందా లేదా అన్నది తేల్చడానికి ఉలేమాల రూయతె హిలాల్ కమిటీ సమావేశమవుతుంది. జామియా నిజామియా అనుసరించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ఆకాశం నిర్మలంగా ఉంటే చాలామంది చూసి ఉండాలి. మబ్బు పట్టి ఉంటే రంజాన్ మొదలుకు నమ్మదగిన ఒక్కరి సాక్ష్యం చాలు, ఈద్‌కు ఒక్కరి మాట చాలదు. ఖగోళ గణితం చంద్రుడి స్థానాన్ని ముందే చెబుతుంది. అయినా గణితం చాలునా, కన్ను చూసి తీరాలా అన్న చర్చ ఏటా వస్తూనే ఉంటుంది. ప్రత్యక్షం, అనుమానం, సాక్ష్యం మూడూ ఇక్కడ ఒకే సాయంత్రం బరిలో దిగుతాయి.

అయితే చంద్రుడి విషయంలో తగవు తేలే వీలుంది. మర్నాటికి చంద్రవంక పెద్దదవుతుంది, అందరూ చూస్తారు. దైవం గురించిన వార్తకు అలాంటి మర్నాడు లేదు. కాబట్టి వార్త తెచ్చినవాడి విశ్వసనీయత మీదే భారమంతా పడుతుంది. నసఫీ సంప్రదాయం దీనికి రెండు ఆసరాలు చూపింది. ఒకటి, అబద్ధానికి కూడబలుక్కోవడం అసాధ్యమన్నంత మంది చెప్పిన వార్త. రెండు, అద్భుతం ద్వారా ధ్రువపడిన ప్రవక్త మాట. మీమాంసకులు ఈ చిక్కును మరో విధంగా దాటారు. వేదాన్ని ఎవరూ రచించలేదు, రచించినవాడే లేడు కాబట్టి అతడు పొరబడే ప్రసక్తి లేదన్నారు. దాంతో వేదం నిలిచింది గాని, దానికి సర్వజ్ఞుడైన దేవుడి అండ అవసరం లేకుండా పోయింది. ఏడో శతాబ్దపు మీమాంసకుడు కుమారిలుడు సృష్టికర్త మీద వేసిన ప్రశ్నలు బౌద్ధుల ప్రశ్నలకు ఏమాత్రం తీసిపోవు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రమాణాన్ని లోతుగా పరిశీలించిన తెలుగువారు కొత్త సచ్చిదానందమూర్తి (1924–2011). గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించిన ఆయన, శ్రుతికీ యుక్తికీ అద్వైత వేదాంతంలో ఉన్న సంబంధం మీద 1959లో ఇంగ్లీషులో పుస్తకం వెలువరించారు. సంప్రదాయాన్ని గౌరవిస్తూనే దాని వాదాలను నిలదీసిన గ్రంథం అది.

లోపలి అనుభవం, రంగం

ఆషాఢ బోనాల మర్నాడు ‘రంగం’ జరుగుతుంది. జంటనగరాల్లో ప్రసిద్ధమైనది సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి రంగం. పాతబస్తీలో లాల్‌దర్వాజాలో కూడా ఈ ఆచారం ఉంది. ఒక స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి, అమ్మవారి వైపు చూస్తూ, పూనకంలో భవిష్యవాణి చెబుతుంది. వానలు పడతాయా, రోగాలు వస్తాయా అని పూజారులు అడుగుతారు. పూజల్లో లోపం జరిగితే అమ్మవారు కోపగించుకోవడం కూడా వాణిలో ఉంటుంది. తర్కం చేసేవారి దేవుడు మాట్లాడడు. రంగంలో దేవత స్వయంగా మాట్లాడుతుంది, మందలిస్తుంది, తనకేం కావాలో అడుగుతుంది. వినేవారి దృష్టిలో అమ్మవారి ఉనికి నిరూపించవలసిన ప్రతిపాదన కాదు, ఎదురుగా జరుగుతున్న సంభాషణ. బయటివాడు దీన్ని మనోవిజ్ఞానంతో వివరించవచ్చు. కాని వివరణ దొరికినంత మాత్రాన అనుభవం అబద్ధమైందని తేలదు. అనుభవం బలమైనదైనంత మాత్రాన దాని విషయం నిజమైందనీ తేలదు. ఈ రెండో సగాన్ని భక్తులూ, మొదటి సగాన్ని విమర్శకులూ తరచుగా వదిలేస్తుంటారు.

పూనకం, స్వప్నం, అంతఃప్రేరణ వంటివాటిని జ్ఞానసాధనాలుగా ఒప్పుకోవడానికి పండిత మతం ఎప్పుడూ జంకుతుంది. నసఫీ అయితే ‘ఇల్హాం’, అంటే అంతఃప్రేరణ, జ్ఞానహేతువుల్లో చేరదని విడిగా రాశాడు. సూఫీలు ఈ గీత దాటారు. వారి దృష్టిలో ‘ఇల్మ్’ చదివి పొందేది, ‘మఅరిఫత్’ తెర తొలగితే కలిగేది. ఉస్మానియాలో మతశాస్త్రం బోధించిన బహ్రుల్ ఉలూం అబ్దుల్ ఖదీర్ సిద్దీఖీ (1871–1962) ఇబ్న్ అరబీ ‘ఫుసూస్ అల్ హికం’ను ఉర్దూలోకి అనువదించారు. ఆయన సమాధి పాతబస్తీ బహదూర్‌పురాలో ఉంది. ఇబ్న్ అరబీ యువకుడిగా కార్డోబాలో ఇబ్న్ రుష్ద్‌ను కలిసిన కథను తానే రాసుకున్నాడు. తెర తొలగినవారికి తెలిసేదీ, బుద్ధితో తేలేదీ ఒకటేనా అని ఆ వృద్ధ తత్త్వవేత్త అడిగితే అవుననీ, కాదనీ రెండూ అన్నాడట. ఆ ఇద్దరి రచనలనూ ఏడాది తేడాలో హైదరాబాదు అచ్చువేసింది.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1929లో ఇంగ్లండులో ఇచ్చిన హిబ్బర్ట్ ఉపన్యాసాల్లో అంతర్బుద్ధిని ఒక స్వతంత్ర జ్ఞానమార్గంగా నిలబెట్టారు. ఆ వాదానికి ఉన్న చిక్కు పాతదే. ఒకరికి తెర తొలగి ఏకమైన నిర్గుణం కనిపించింది, ఇంకొకరికి సాకారమైన దేవి కనిపించింది, బౌద్ధ యోగికి శూన్యం కనిపించింది. అనుభవాలు పరస్పరం కాదనుకున్నప్పుడు వాటి మధ్య తీర్పు చెప్పడానికి మళ్లీ తర్కమో, గ్రంథమో కావలసి వస్తుంది.

1908 మూసీ వరద

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. వేలమంది చనిపోయారు. మరణాలు పదిహేను వేల దాకా ఉంటాయని అంచనా. ఆరో నిజాము మహబూబ్ అలీ ఖాన్ అమ్మవారికి కానుకలు సమర్పించాక వరద తగ్గిందని లాల్‌దర్వాజా ఆలయ సంప్రదాయం చెబుతుంది. ఆ తరువాత ప్రభుత్వం ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి.

ఒకటి జరిగాక మరొకటి జరిగితే మొదటిది కారణమని చెప్పలేమన్నది తర్కంలో తొలి పాఠం. పూజ తర్వాత నీరు తీయడం పూజ వల్లనే అని దాన్నిబట్టి తేలదు. కాదనీ తేలదు, ఎందుకంటే పూజ చేయకపోతే ఏమయ్యేదో చూసే అవకాశం ఎవరికీ లేదు. జలాశయాల విషయంలో ఆ అవకాశం ఉంది. గేట్ల లెక్క, నీటి లెక్క, వాన లెక్క సరిచూసుకోవచ్చు. ఆశ్చర్యమేమంటే నగరం ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోలేదు. చెరువులూ కట్టింది, బోనాలూ ఎత్తుతోంది.

అంత పెద్ద విపత్తు మరో ప్రశ్నను కూడా లేపుతుంది. దయామయుడైన దేవుడు ఉంటే పసిపిల్లలు నదిలో ఎందుకు కొట్టుకుపోయారు? ఇది దేవుని ఉనికికి వ్యతిరేకంగా సాక్ష్యమని కొందరంటారు. దేవుడి న్యాయాన్ని మనిషి కొలతలతో కొలవలేమని కలాంలోని అష్అరీ పక్షం, పూర్వకర్మ అని మన దర్శనాలు జవాబిచ్చాయి. దైవం మన కొలతకు అందదని ఒప్పుకున్నాక ఆయన మంచివాడని మాత్రం ఎలా తెలిసిందన్న ప్రశ్న మిగిలిపోతుంది. దానికి ఇచ్చిన జవాబులు ఇప్పటివరకు అంత తృప్తికరంగా లేవనే చెప్పాలి.

తెలియదన్నవారు

దైవం విషయంలో తేల్చలేమన్న ధోరణి ఇక్కడ కొత్తది కాదు. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం సృష్టి ఎలా జరిగిందో పైనున్నవాడికైనా తెలుసో తెలియదో అన్న సందేహంతో ముగుస్తుంది. బుద్ధుడి కాలంలో సంజయ బేలట్ఠిపుత్తుడు పరలోకం ఉందా అంటే అవుననీ అనకుండా, కాదనీ అనకుండా తప్పించుకునేవాడని బౌద్ధ గ్రంథాలు ఎత్తిపొడిచాయి. కృష్ణా లోయలోని శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు ఇంకా లోతుకు దిగాడు. వస్తువులను ప్రమాణాలు నిరూపిస్తాయి సరే, ప్రమాణాలను ఏది నిరూపిస్తుంది? మరో ప్రమాణమంటే అంతు లేదు. వాటికి నిరూపణ అక్కర్లేదంటే వస్తువులకు మాత్రం ఎందుకు అక్కర? ‘విగ్రహవ్యావర్తని’లోని ఈ ప్రశ్న ఆస్తికుడి పట్టికనూ, చార్వాకుడి పట్టికనూ సమానంగా తాకుతుంది. ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణమన్న చార్వాకుడి మాట కూడా ప్రత్యక్షంగా కనిపించేది కాదు కదా.

ఆధునిక కాలంలో ఈ దృక్పథానికి అజ్ఞేయవాదమన్న పేరుంది. ఇంగ్లండు జీవశాస్త్రజ్ఞుడు హక్స్లీ 1869లో దానికి ఇంగ్లీషు పేరు పెట్టాడు. హైదరాబాదుతో ముడిపడిన ఉదాహరణ అబ్దుల్ మాజిద్ దర్యాబాదీది (1892–1977). అవధ్ ప్రాంతం నుంచి వచ్చిన ఆయన 1917లో ఉస్మానియా అనువాద విభాగంలో చేరారు. మిల్, స్పెన్సర్‌లను చదివి అప్పటికి కొన్నేళ్లుగా సంశయవాదిగా ఉన్నారు. హైదరాబాదులో ఎక్కువ కాలం నిలవలేదు. ఆ తర్వాతి ఏళ్లలో బౌద్ధం, థియోసఫీ, రూమీ మస్నవీల మీదుగా తిరిగి ఇస్లాంకు చేరి, ఖురాన్‌కు ఇంగ్లీషులోనూ, ఉర్దూలోనూ వ్యాఖ్యలు రాశారు. ఆత్మకథలో ఈ ప్రయాణాన్ని దాచకుండా చెప్పారు. ఆయనను సందేహంలోకి నెట్టినవీ, బయటికి తెచ్చినవీ పుస్తకాలే. కాని ఒక నిరూపణ దొరికి నమ్మలేదు, ఒక ఖండన దొరికి మానలేదు. నమ్మకం మారే తీరు తార్కికులు ఊహించినంత తిన్నగా ఉండదని ఆయన జీవితం చెబుతుంది.

లేడన్నవారు

తెలుగునాట నాస్తికత్వానికి పెద్ద గొంతు గోరా. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు (1902–1975). వృక్షశాస్త్ర అధ్యాపకుడు. దేవుడి భావన మీద రాసిన వ్యాసం కారణంగా 1933లో కాకినాడ కళాశాల ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో విజయవాడకు మార్చారు. గాంధీజీతో తన సంభాషణలను 1951లో పుస్తకంగా తెచ్చారు. దేవుడే సత్యమన్న మాటను సత్యమే దేవుడని తిరగరాసుకున్న గాంధీతో ఆయనకు చర్చ సాగింది. గోరా దృష్టిలో ఇది జ్ఞానం తేల్చే సమస్యే కాదు. దేవుడి మీద ఆధారపడటం మనిషి తన బాధ్యతను వదులుకోవడమని, నాస్తికత్వం స్వేచ్ఛకు, అంటరానితనం మీద పోరుకు దారి అని ఆయన వాదన. తెలియదు కాబట్టి ఊరుకుందామన్న అజ్ఞేయవాదం ఆయనకు రుచించలేదు. హైదరాబాదులో దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ (1888–1939) బ్రహ్మసమాజం వైపు, బుద్ధుడి వైపు మళ్లడంలోనూ ఇలాంటి నైతిక దృష్టే కనిపిస్తుంది.

హేతువాదుల దారి కొంచెం వేరు. రావిపూడి వెంకటాద్రి (1922–2023) ‘హేతువాది’ పత్రిక ద్వారా, పుస్తకాల ద్వారా సాక్ష్యం లేని నమ్మకాన్ని విమర్శిస్తూ వచ్చారు. ఈ పక్షం బలమంతా పరీక్షించి చూడగల దావాల మీద ఉంటుంది. 1995 సెప్టెంబరు 21న దేశమంతటా, తెలుగు పట్టణాల్లో కూడా, వినాయక విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త పాకింది. ద్రవాల తలతన్యత వల్ల పాలు చెంచా నుంచి రాతి మీదికి జారుతున్నాయని శాస్త్రజ్ఞులు రంగు కలిపి చూపారు. ఇలాంటి పరీక్ష ఒక అద్భుతాన్ని కొట్టివేయగలదు. అద్భుతాలు చేయని దేవుడి గురించి అది ఏమీ చెప్పలేదు. ఈ పరిమితిని కొందరు హేతువాదులు ఒప్పుకున్నారు. భారం దావా చేసినవాడి మీదే ఉంటుందని, నిరూపించనంతవరకు లేనట్టే లెక్క అని మరికొందరంటారు. న్యాయస్థానంలో ఆ నియమం చక్కగా పనిచేస్తుంది. సత్యం కూడా ఆ నియమానికి కట్టుబడి ఉంటుందనడానికి ఆధారమేమీ లేదు.

ఎన్నటికైనా తెలుస్తుందా

నవాబ్ జఫర్ జంగ్ 1901లో పాతబస్తీ ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో ఒక దూరదర్శిని నెలకొల్పారు. అదే తర్వాత నిజామియా వేధశాలగా మారి, బేగంపేటకు తరలింది. అంతర్జాతీయ నక్షత్ర పటం పనిలో భాగంగా అక్కడ లక్షల నక్షత్రాల స్థానాలు నమోదయ్యాయి. పరికరాలు మెరుగైతే తెలియనిది తెలుస్తుందన్న ఆశకు అది నిదర్శనం. అప్పట్లో కనిపించనివి ఇప్పుడు కనిపిస్తున్నాయి. దైవం విషయంలో ఈ ఆశ పనిచేయాలంటే దైవం లోకంలోని వస్తువుల్లో ఒకటై ఉండాలి. ఆస్తిక దర్శనాల్లో చాలావరకు దాన్ని ఒప్పుకోవు. విశ్వానికి ఆరంభం ఉందని భౌతికశాస్త్రం చెప్పినా, ఆ ఆరంభానికి కర్త ఉన్నాడా అన్నది మళ్లీ అన్నంభట్టు మొలక దగ్గరికే తీసుకొస్తుంది.

మరో జవాబు మరణానంతరం వైపు చూస్తుంది. పరలోకంలో విశ్వాసులు దేవుణ్ణి కళ్లారా చూస్తారని అష్అరీ, మాతురీదీ సున్నీలు నమ్ముతారు. దేహం లేనివాడు కంటికి కనిపించడం అసాధ్యమని కలాంలోని మరో పక్షమైన ముఅతజిలాలు, షియాలు కాదంటారు. ఒకే పాతబస్తీలో, పక్కపక్క వీధుల్లో, ఈ రెండు అభిప్రాయాలూ నాలుగు వందల ఏళ్లుగా కాపురం చేస్తున్నాయి. ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ హిక్ ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఊహను తార్కిక వాదంగా మలిచాడు. చావు తర్వాత జీవితం ఉంటే ఆస్తికుడి మాట అప్పుడు ధ్రువపడవచ్చు. లేకపోతే అది అబద్ధమని తెలుసుకోవడానికి ఎవరూ మిగలరు. అంటే ఈ ప్రశ్నకు అవునన్న జవాబు తెలిసే వీలుంది గాని, కాదన్న జవాబు ఆ దారిలో ఎన్నటికీ తెలియదు. దావా అర్థవంతమని చూపడానికి ఇది పనికొస్తుంది. ఇప్పుడు బతికున్నవాడికి మాత్రం ఏమీ తేల్చదు.

లెక్కల్లో, చట్టంలో

రాజ్యం ఈ ప్రశ్న జోలికి పోదు, మనిషి తనను తాను ఏమని చెప్పుకుంటాడో నమోదు చేసుకుంటుంది. 2011 జనగణనలో దేశం మొత్తం మీద మతం చెప్పనివారు సుమారు 28.7 లక్షలు, జనాభాలో 0.24 శాతం. అందులో నాస్తికులెవరో, తేల్చుకోలేనివారెవరో, కేవలం చెప్పడం ఇష్టం లేనివారెవరో విడదీసే వీలు లేదు. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో, జనన నమోదు దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అని రాసుకునే గడి ఉండాలని ఆదేశించింది. తమకు తెలియదనుకునేవారికి మాత్రం ఆ ఫారంలో విడిగా గడి లేదు.